దీప మార్పఁగానె తిమిర మణఁగె

ఈ వారం సమస్య, అంటే మీరు ముందు మూడు పాదాలు చేర్చి పూరించాల్సిన పాదం, ఇదే. ఆటవెలది చివరి పాదం, ఐదూ సూర్యగణాలు, దీ–తి యతి. నియమం ఒక్కటే: వానకు దారి తెగి ఒకచోట చిక్కుకున్న అపరిచితులు పూరణలో ఉండాలి. 2003 నాటి ఆంగ్ల చిత్రం 'ఐడెంటిటీ' మొన్న మళ్లీ చూశాను. నెవాడాలో ఒక వానరాత్రి ముక్కూమొగం తెలియనివాళ్లు ఒకే బసలో చిక్కుకుంటారు, ఒక్కొక్కరే చనిపోతుంటారు. ఆ వణుకు మీకూ పంచుదామని!

కాజీపేట సభ్యుడు:

రైలు నిలిచిపోయె రాత్రి వరదలోన
తెలియని మొగములకు తెల్లవాఱెఁ
గోడి కూయ లేచి కునుకు తీసిన తాత
దీప మార్పఁగానె తిమిర మణఁగె

2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె–కేసముద్రం మధ్య రైలుకట్ట వరదకు కొట్టుకుపోయింది కదా, అదే మనసులో ఉంది.

నా మాట: ముందు "రైలు ఆగిపోయె" అని పంపి, విసంధి (సంధి కలపకుండా వదిలేయడం) అనగానే "నిలిచి" అని దిద్దారు, బాగుంది. కానీ తెల్లవారిందనడం ఈ సమస్యకు వీధి తలుపు, అందరూ అటునుంచే వస్తారు. పైగా తాత ఆర్పింది రైలుపెట్టెలోని ఏ దీపమో!

ములుగు సభ్యురాలు:

వెలుగు పడిన కొలఁది వికృతమయ్యెను నీడ
గోడ మీఁద హంతకుండు తోఁచె
మాట లుడిగియున్న మనుజుల మదిలోన
దీప మార్పఁగానె తిమిర మణఁగె

హన్మకొండ సారు: భయాన్ని పుట్టించింది చీకటి కాదు, వెలుగు. సమస్యలోని విరోధం అక్కడే విడిపోయింది. అయితే అమ్మా, మనుజులు పలువురు, మది ఒక్కటేనా? "మదులలోన" అనవద్దా?

ములుగు సభ్యురాలు: కావాలనే అలా రాశాను సారు. ఆ సినిమాలో బసలో చిక్కినవారంతా ఒకే మనిషి మనసులో పుట్టినవారు.

నేనిది గమనించనే లేదు. గణం కోసం సర్దుకున్నారనుకున్నాను. (సినిమా చూడనివారు మన్నించాలి, గుట్టు బయటపడిపోయింది.)

హన్మకొండ సారు:

ఒకరి నొకరు చూచి యులికిపడిన రాత్రి
బంగళాను కమ్మె భయము నిశియు
కాలినట్టి తీగె కలవరపడకుండ
దీప మార్పఁగానె తిమిర మణఁగె

ఇక్కడ దీప ఒక అమ్మాయి. "దీపము ఆర్పఁగానె" కాదు, "దీప మార్పఁగానె".

కాజీపేట సభ్యుడు: మార్చఁగానె అనాలి కదా సారు?

హన్మకొండ సారు: తీర్చు–తీర్ప, చేర్చు–చేర్ప, మార్చు–మార్ప. పాత కావ్యభాషలో ఇదే దారి.

నా మాట: విరుపు అదిరింది. "భయము నిశియు" అన్నచోట రెండో మాటకే సముచ్చయం (కలిపి చెప్పే "ను, యు") వచ్చింది, "భయమును" అని ఉంటే నిండుగా ఉండేది. "తీగె" కన్నా "ఫ్యూజు" అనవలసింది, ఏ తీగో వెంటనే తెలియడం లేదు.

హన్మకొండ సారు: ముందు అదే రాశాను. "కాలినట్టి ఫ్యూజు" అంటే ఫ్యూ ముందున్న "ట్టి" గురువైపోయిందని మీరు పట్టుకుంటారేమో అనుకున్నాను. నిజానికి ఫ్యూజు వేరే మాట, సమాసం కాదు కనుక "ట్టి" లఘువే.