విశాఖలో హస్కీని పెంచడం న్యాయమేనా?

మధురవాడ మావయ్య: మా అక్క కొడుకు డిగ్రీ పాసైతే కుక్కపిల్లని కొనిస్తానని నోరు జారాను. వాడు పాసైపోయాడు. ఇప్పుడు సైబీరియన్ హస్కీయే కావాలని కూర్చున్నాడు, ఆ నీలి కళ్ళు చూసి పడిపోయాడు. మాది మూడో అంతస్తు ఫ్లాటు, ఏసీ ఒక్క గదిలోనే ఉంది. కొనొచ్చా? మొహమాటం లేకుండా చెప్పండి.

ఉప్పుగాలి: వద్దండీ. సైబీరియా ఈశాన్య మూలన చుక్చీ జనం మంచు మీద బళ్ళు లాగించడానికి పెంచుకున్న జాతి అది. 1925లో అలాస్కాలోని నోమ్ ఊళ్ళో డిఫ్తీరియా వస్తే మందు తెచ్చిన బళ్ళ ముందు పరిగెత్తిన బాల్టో, టోగో ఈ కుక్కలే. ఒంటి మీద రెండు పొరల బొచ్చు, లోపల దూదిలాంటిది, పైన పొడుగు వెంట్రుకలు. దాన్ని తెచ్చి మే నెలలో మధురవాడలో కట్టేస్తారా?

లాసన్స్‌బే: నాలుగేళ్ళుగా పెంచుతున్నాను, మా వాడు బానే ఉన్నాడు. ఆ బొచ్చు చలినే కాదు, నేరుగా తగిలే ఎండనీ కొంత ఆపుతుంది. పొద్దున్నే అయిదింటికి బీచ్ రోడ్డు మీద పరిగెత్తిస్తాను, ఏడు దాటితే బయటికి అడుగు పెట్టనివ్వను. ఢిల్లీ ఎండల్లోనే పెంచుతున్నారు, మనకేం?

ఉప్పుగాలి: ఢిల్లీ ఎండ వేరు, మన ఉక్కపోత వేరు సార్. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పి, ఆ తడి ఆరితేనే వేడి దిగుతుంది. మన గాలికి తీగ మీద వేసిన లుంగీయే సాయంత్రం దాకా చెమ్మగా ఉంటుంది, ఇంక కుక్క నాలుక ఏం ఆరుతుంది? ఏసీ ఉందంటారా, 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు లేకుండా ఎన్ని రోజులున్నామో మర్చిపోయారా? అది అక్టోబరు కాబట్టి సరిపోయింది.

గాజువాక డాబా: వేసవిలో గుండు కొట్టించేస్తే పోలా? పైగా తోడేలులా ఉంటుంది, దొంగలు భయపడి చస్తారు.

లాసన్స్‌బే: గుండు మాత్రం వద్దు గురూ! చర్మం ఎండకి కాలిపోతుంది, ఆ బొచ్చు మళ్ళీ సరిగ్గా రాకపోవచ్చు కూడా. రోజూ దువ్వి, రాలే బొచ్చు తీసేయాలంతే. ఆ రాలే రోజుల్లో మా ఇంట్లో సాంబార్లో కూడా వెంట్రుకే. ఇంక కాపలా అంటారా, ఆ మాట మర్చిపోండి. గ్యాస్ కుర్రాడు వస్తే తోక ఊపుకుంటూ లోపలికి తీసుకొచ్చేదే మా వాడు. మనుషులంటే ప్రేమ, పిల్లులూ కోళ్ళూ కనిపిస్తే మాత్రం ఆగడు, గేటు తెరిచి ఉంటే మాయం. పెద్దగా మొరగడు, ఊళ పెడతాడు. అర్ధరాత్రి కుక్క ఏడిస్తే అపశకునమని కింది వాటా పెద్దావిడ రెండుసార్లు గొడవకొచ్చింది.

ఉప్పుగాలి: ఇన్ని చెప్పి కూడా కొనమనే అంటారా?

లాసన్స్‌బే: కొనమని ఎక్కడన్నాను? పెంచగలిగితే పెంచొచ్చు అన్నాను. సరే, అడిగారు కాబట్టి ఒకటి చెబుతాను. పోయిన మే నెలలో మేం పెళ్ళికెళ్ళొచ్చేసరికి మధ్యాహ్నం కరెంటు పోయి ఉంది. వాడు బాత్రూంలో నాలుగు కాళ్ళూ చాపుకుని, పొట్ట టైల్స్‌కి ఆనించి పడున్నాడు, బకెట్ బోర్లా పడుంది, పిలిస్తే తల కూడా ఎత్తలేదు. తడిపి, ఫ్యాన్ కింద పెట్టడానికి కరెంటేదీ, విసనకర్రతో విసురుకుంటూనే కారులో డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. బతికాడు. ఇన్వర్టర్ ఆ వారమే పెట్టించాను. తప్పు నాదే. నాలుగేళ్ళలో ఒక్కసారే కదా అని సర్దిచెప్పుకుంటాను గానీ, ఇంకో హస్కీని మాత్రం తేను.

సింహాచలం కొండకింద: మా వీధికుక్క పిల్లలు నాలుగున్నాయి, ఉక్కపోత వాటికి పుట్టుకతోనే అలవాటు. ఒకదానికి చెవి సగమే లేస్తుంది, చూస్తే వదలరు. ఊరికే ఇస్తాను.

మధురవాడ మావయ్య: ఇదంతా వాడికి చూపించాను. "నాలుగేళ్ళుగా పెంచుతున్నాను" అన్న ముక్క ఒక్కటే చదివాడు వెధవ. లాసన్స్‌బే గారూ, మీ కుక్కని చూపించడానికి వాణ్ణి తీసుకొస్తాను, కానీ పొద్దున్న బీచ్ రోడ్డుకి కాదు. మధ్యాహ్నం రెండింటికి మీ ఇంటికి రావొచ్చా?