సందేహం: నార్మండీ చర్చి మోడల్‌కి స్ప్రే కొడితే థర్మకోల్ కరిగిపోతోంది, గంటగోపురం ఎంత ఎత్తు పెట్టాలి?

గంటస్తంభం కుర్రాడు, విజయనగరం:

అందరికీ నమస్కారం. మేం నలుగురు స్నేహితులం సెలవు రోజుల్లో 28 మి.మీ. ఎత్తుండే సైనికుల బొమ్మలతో రెండో ప్రపంచ యుద్ధం ఆట ఆడుతుంటాం. బల్ల ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఈసారి 1944 జూన్ నాటి ఫ్రాన్స్‌లోని నార్మండీ పల్లె ఒకటి వేద్దామనుకున్నాం. ఇళ్లు, పొలం గట్లు, కంచెలు అయిపోయాయి. చర్చి దగ్గరే బండి ఆగింది.

థర్మకోల్‌తో గోడలు కోసి, అతికించి, పైన నల్ల స్ప్రే కొట్టాను. చూస్తుండగానే చెద తినేసినట్టు గుంటలు పడిపోయాయి. దాన్ని పక్కన పడేసి కొత్తగా మొదలుపెడుతున్నా. అందుకే ముందే అడిగేస్తున్నా. ఏ మెటీరియల్ తీసుకోవాలి? గోపురం ఎత్తు ఎంత? కిటికీల్లో రంగు అద్దాలు ఎలా చేస్తారు? ఆకారం కోసం మా ఊళ్లో పాత చర్చి ఫొటోలు తీసి పెట్టుకున్నాను. సున్నం గోడలు, పైన కోసుగా ఉండే కిటికీలు. అదే దించేస్తే సరిపోతుందా?

అట్టముక్క, శ్రీకాకుళం:

తమ్ముడూ, స్ప్రే డబ్బాలో ఉండే సాల్వెంట్‌కి థర్మకోల్ ఆగదు. కంపెనీ మార్చినా అంతే. రబ్బరు జిగురు, ఫెవిక్విక్ కూడా దాన్ని తినేస్తాయి. తెల్ల ఫెవికాల్ ఒక్కటే దానికి సరిపడేది. ఫెవికాల్, నల్ల ఎక్రిలిక్ రంగు సగం సగం కలిపి, కొంచెం నీళ్లు పోసి, రెండు కోట్లు వెయ్యి. మూలల్లోకి, కిటికీ అంచుల్లోకి బ్రష్ వెళ్లాలి. ఎక్కడ చిన్న ఖాళీ వదిలినా స్ప్రే అక్కణ్నుంచే లోపలికి దిగుతుంది. నన్నడిగితే ఆ కోటు ఆరాక స్ప్రేతో పనే లేదు. అదే ప్రైమరు, అదే పైతోలు.

వేడి తీగతో కోస్తున్నావా? అయితే ఆ పని డాబా మీద పెట్టుకో. ఆ పొగ పీల్చకూడదు.

ఫ్లెక్స్ షాపు, రాజాం:

థర్మకోల్ ఎందుకండీ, సన్‌బోర్డ్ ఉండగా? ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపుల్లో 3, 5 మి.మీ. ముక్కలు మిగిలిపోతూనే ఉంటాయి. అది పీవీసీ ఫోమ్. స్ప్రేకి థర్మకోల్‌లా కరిగిపోదు, చెమ్మకి వంకర పోదు, కట్టర్‌తో రెండు మూడు గాట్లకి తెగుతుంది. ఫెవికాల్ మాత్రం దానికి సరిగ్గా పట్టదు, ఫెవిక్విక్ వాడండి. తెలిసిన షాపు అయితే ముక్కలకి డబ్బులు కూడా అడగరు.

టెక్కలి రంగులు:

సన్‌బోర్డ్ మంచి మాటే. కాకపోతే చర్చికి ఒక్క 5 మి.మీ. పొర పెట్టారంటే మొత్తం పని వృథా. ఎందుకో చెప్తాను.

యూరప్‌లో పాత పల్లెటూరి చర్చి గోడలంటే రెండు మూడు అడుగుల మందం రాతి కట్టడం. 28 మి.మీ. బొమ్మల్ని సుమారుగా 1:56 స్కేలు అనుకుంటే అసలు మీటరు మనకి 18 మి.మీ. అవుతుంది. అంటే 60 నుంచి 90 సెం.మీ. గోడ మన బల్ల మీద 11 నుంచి 16 మి.మీ. ఉండాలి. కిటికీ ఆ మందంలో లోతుగా కూర్చుంటుంది, దాని చుట్టూ నీడ పడుతుంది. రంగు వేసి ఆ నీడని తెప్పించలేం. చాలామంది మోడల్స్ రంగు బాగున్నా బొమ్మరిల్లులా కనిపించడానికి కారణం ఇదే.

కాబట్టి 5 మి.మీ. సన్‌బోర్డ్ రెండు పొరలు కలిపి అతికించండి. లోపలి పొరలో కిటికీ రంధ్రాన్ని చుట్టూ 2 మి.మీ. తగ్గించి కోయండి. అద్దం ఆనడానికి అంచు అక్కడే దొరికిపోతుంది. పై పొర మీద నున్నటి తోలుని గరుకు కాగితంతో రుద్ది, ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో గట్టిగా రాతి వరసలు గీయండి. మూలల్లో ఒక రాయి పొడుగ్గా, దాని మీది రాయి పొట్టిగా, మార్చి మార్చి రావాలి. గోడకి ఆనించి కట్టే రాతి దిమ్మలు మర్చిపోకండి. అవి బయటికి పొడుచుకొచ్చి నీడనిస్తాయి, పనిలో పనిగా గోడల అతుకుల్ని కూడా దాచేస్తాయి.

ఇక ఎత్తు. కొలత మీ పేరులోనే ఉంది కదా! మీ ఊరి గంటస్తంభం 68 అడుగులు. దాన్ని ఇదే స్కేల్లోకి దించితే 37 సెం.మీ. వస్తుంది. చర్చి గోపురాన్ని అలా నిజం కొలతతో కట్టారంటే బొమ్మలు జరపడానికి చెయ్యి చాచిన ప్రతిసారీ మోచేయి తగులుతుంది. 28 లేదా 30 సెం.మీ. దగ్గర ఆపేయండి. అసలు చర్చి 20 మీటర్ల పొడవుంటే మనకి 36 సెం.మీ. రావాలి, దాన్నీ 27కి కుదించండి. వెడల్పు 15 చాలు. తలుపు మాత్రం తగ్గించొద్దు. బొమ్మ బేస్ మీద నిలబడుతుంది, నెత్తిన హెల్మెట్ ఉంటుంది. 45 మి.మీ. ఎత్తు, 30 మి.మీ. వెడల్పు పెడితేనే 25 మి.మీ. బేస్ ఇబ్బంది లేకుండా లోపలికి వెళ్తుంది. కప్పు పైకి తీసేలా ఉండాలి. లోపల బెంచీలు అతికించేయకండి, ఆట మధ్యలో బొమ్మ పెట్టడానికి చోటు దొరకదు.

గంటస్తంభం కుర్రాడు:

చాలా థ్యాంక్స్ సర్. గోడ మందం సంగతి అసలు తట్టనే లేదు. రాయి కోసం రెండు షేడ్ల గ్రే కొని పెట్టాను, అవి పనికొస్తాయా? కోసు కిటికీలు చేత్తో గీస్తుంటే ఒక్కోటి ఒక్కోలా వస్తోంది.

బొబ్బిలి డ్రాయింగ్ టీచర్:

చేత్తో గీస్తే అలాగే వస్తాయి బాబూ, కంపాస్ తీసుకో. కిటికీ వెడల్పు 16 మి.మీ. అనుకో. వంపు మొదలయ్యే చోట అడ్డగీత గియ్యి. కంపాస్‌ని అదే 16కి తెరువు. గీత ఎడమ కొసన ముల్లు పెట్టి కుడి కొస నుంచి పైకి ఒక చాపం, కుడి కొసన పెట్టి ఎడమ నుంచి పైకి ఇంకో చాపం. రెండూ కలిసినచోటే కోసు. అది అడ్డగీతకి సుమారు 14 మి.మీ. పైన వస్తుంది. ఒక్కటి గట్టి అట్ట మీద గీసి కత్తిరించుకుంటే మిగతావన్నీ దాని చుట్టూ పెన్సిల్ తిప్పడమే.

రంగు అద్దాల గురించి చెప్తే నీకు కొంచెం నిరాశగా ఉంటుందేమో. పగటిపూట బయటనుంచి చూస్తే రంగు అద్దం నల్లగానే కనిపిస్తుంది. ఎరుపు, నీలం మెరిసేది లోపల నిలబడి, వెలుతురు బయటనుంచి వస్తున్నప్పుడు. నీ బల్లని అందరూ బయటనుంచే చూస్తారు కదా. అందుకని పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటుకి వెనకవైపు నలుపులో కాస్త నీలం కలిపి పూసెయ్యి. ముందువైపు సన్నటి పెన్నుతో, అద్దం ముక్కల్ని కలిపి పట్టే సీసపు పట్టీల్లా గీతలు, ఎక్కడో రెండు మూడు గళ్లలో మాత్రం ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ. పైన మెరుపు వచ్చే వార్నిష్. అంతే.

ఫ్లెక్స్ షాపు, రాజాం:

టీచర్ గారూ, అంత కష్టపడి చర్చి కట్టి కిటికీలు నల్లగా పెడితే ఏం బాగుంటుందండీ? ట్రాన్స్‌పరెంట్ స్టిక్కర్ మీద రంగుల ప్రింటు తీసి, లోపల ఒక ఎల్‌ఈడీ పెడితే బల్ల అంతా కళకళలాడిపోతుంది.

బొబ్బిలి డ్రాయింగ్ టీచర్:

రాత్రి యుద్ధం ఆడుతుంటే పెట్టుకోండి. కానీ 1944లో రాత్రిపూట లైటు బయటికి కనబడేలా ఏ ఊళ్లోనూ ఉంచనిచ్చేవాళ్లు కాదు. విమానాలకి గురి దొరుకుతుంది.

టెక్కలి రంగులు:

టీచర్ గారి మాటే నాదీ. ఇంకో విషయం. నార్మండీలోని సెంట్-మేర్-ఎగ్లీజ్ ఊరి చర్చి ఫొటోలు చూసి చేస్తున్నట్టయితే జాగ్రత్త. 1944 జూన్ 6న పారాచూట్ చిక్కుకుని జాన్ స్టీల్ అనే అమెరికన్ సైనికుడు వేలాడింది ఆ చర్చికే. ఇప్పుడు గోపురానికి వేలాడే బొమ్మ, పారాట్రూపర్లు ఉన్న రంగు అద్దం యుద్ధం తర్వాత పెట్టినవి. మీ బల్ల మీదికి అవి రాకూడదు. గోపురం పైకప్పు చూడండి, శంకువులా సూదిగా ఉండదు. రెండు వాలుల ఇంటికప్పులాగే ఉంటుంది. కట్టడానికి అదే తేలిక కూడా.

గ్రే రంగు సంగతి. మీ ఫొటోల్లోని చర్చి నుంచి కిటికీ ఆకారం తీసుకోండి, గోడ తీసుకోకండి. మనవాటికి సున్నం పూత. అక్కడ నార్మండీలోని కాన్ పట్నం చుట్టుపక్కల దొరికేది లేత పసుపు మీగడ రంగు సున్నపురాయి. ఇంగ్లండుకి పడవల్లో తీసుకెళ్లి కాంటర్‌బరీ కెథడ్రల్‌కి వాడింది ఆ రాయే. అందుకని గ్రే డబ్బాలు కప్పు కోసం దాచుకోండి. గోడలకి చిన్న డబ్బాల ఎక్రిలిక్ కొని డబ్బు తగలేయకండి. పెయింట్ షాపులో తెల్ల ఎమల్షన్ చిన్న డబ్బా, అందులో కలిపే పసుపు, బ్రౌన్, నలుపు స్టెయినర్లు తీసుకుంటే ఊరంతటికీ సరిపోతుంది.

ముందు ముదురు బ్రౌన్ అంతటా. ఆరాక పసుపు, బ్రౌన్ కలిపిన మట్టి రంగు, గీతల్లోకి దిగకుండా. ఆ తర్వాత దానిలోనే తెలుపు పెంచుకుంటూ పొడి బ్రష్. బ్రష్‌ని రంగులో ముంచి పాత గుడ్డ మీద దాదాపు అంతా తుడిచేసి, గోడ మీద అడ్డంగా తేలిగ్గా లాగాలి. రాళ్ల అంచుల మీద మాత్రమే రంగు అంటుకుంటుంది. అక్కడక్కడా కొన్ని రాళ్లని విడిగా కొంచెం ముదురుగా, కొన్నింటిని కొంచెం ఎర్రగా దిద్దండి. చివర్లో బాగా పల్చటి బ్రౌన్ నీళ్లు, కిటికీ గట్టు కింద నిలువుగా కారినట్టు.

పాచి ఎక్కడ వేయాలో కూడా చెప్పేస్తాను. పాత చర్చిల్లో బలిపీఠం సాధారణంగా తూర్పు కొసన ఉంటుంది. అంటే ఉత్తరం గోడ ఏదో మీకు తెలిసిపోతుంది. అక్కడ ఎండ తక్కువ. ఆకుపచ్చ ఆ గోడ అడుగున, దిమ్మల మూలల్లో పెట్టండి. నాలుగు వైపులా సమానంగా పూస్తే అది పాచిలా ఉండదు, రంగులానే ఉంటుంది.

గంటస్తంభం కుర్రాడు:

కప్పు దేంతో చేయాలి సర్? పెంకులా, పలకలా?

అట్టముక్క, శ్రీకాకుళం:

నల్ల పలకరాయి వెయ్యి, గ్రే ఎలాగూ కొన్నావు. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయిగా, ఆ అట్ట మందం దీనికి సరిగ్గా సరిపోతుంది. 8 మి.మీ. వెడల్పు పట్టీలు కోసి, ప్రతి 5 మి.మీ.కి కత్తెరతో సగానికి కాస్త పైదాకా గాటు పెట్టు. కింద చూరు నుంచి మొదలుపెట్టి, ఒక్కో వరసలో 5 మి.మీ. కనిపించేలా పైదాన్ని కిందిదాని మీదికి ఎక్కించుకుంటూ పో. గాట్లు ఒకదాని కింద ఒకటి పడకూడదు. 15 సెం.మీ. వెడల్పు చర్చికి 50 డిగ్రీల వాలు పెడితే ఒక్కో వైపు దాదాపు 12 సెం.మీ. వస్తుంది. అంటే పాతిక వరసల దాకా. విసుగు పుట్టే పనే, టీవీ ముందు కూర్చుని చెయ్యి. ఒకటి రెండు పలకలు జారిపోయినట్టు వంకరగా అతికించు.

అట్ట కప్పు కదా, రంగు లోపలివైపు కూడా వెయ్యి. ఒక్క వైపే వేస్తే ఆరేటప్పుడు ధనుస్సులా వంగుతుంది.

ఉద్దానం కొబ్బరి:

వానాకాలంలో చేస్తే రెండు వైపులా వేసినా వంగుతుంది బావూ. మా వైపు గాల్లో ఉన్న తడికి ఫెవికాల్ ఆరనే ఆరదు. అతికించాక పుస్తకాల బరువు పెట్టి రాత్రంతా వదిలెయ్యండి.

చర్చి చుట్టూ సమాధులు, గడ్డి ఉండాలి కదా. జూట్ మిల్లుకి పేరున్న నెల్లిమర్ల పక్కనే పెట్టుకుని గడ్డి ఆన్‌లైన్లో కొంటారేటి? గోగునార తెచ్చి 5 మి.మీ. ముక్కలు కోసి, పల్చటి ఆకుపచ్చ రంగులో ముంచి ఆరబెట్టండి. కొంత రంగు వెయ్యకుండా వదిలేస్తే ఎండుగడ్డి. నేలకి జల్లించిన ఏటి ఇసుక. కొందరు వాడేసిన టీ పొడి వాడమంటారు. వాడొచ్చు గానీ పంచదార పోయేలా కడిగి, ఎండలో పూర్తిగా ఎండబెట్టండి. లేదంటే చీమలు వస్తాయి, ఆ వెనకే బూజు. జర్మన్లకంటే ముందు అవే ఊరుని పట్టేసుకుంటాయి.

అయినా నాకో డౌటు. బొబ్బిలి పక్కన పెట్టుకుని నార్మండీ ఏటండీ? 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం ఎప్పుడు ఆడతారు?

బొబ్బిలి డ్రాయింగ్ టీచర్:

నేనూ అదే అడుగుదామనుకున్నాను!

గంటస్తంభం కుర్రాడు:

మేం విజయనగరం వాళ్లం, మమ్మల్ని ఏ పక్షాన ఆడమంటారో ముందు చెప్పండి టీచర్ గారూ. మట్టికోట తర్వాత తప్పకుండా కడతాం, అప్పుడు మీ అందరి మీద పడి ప్రశ్నలు అడుగుతా.

చివరి ప్రశ్న. చర్చి అయ్యాక శ్రీకాకుళంలో ఆడదామని అట్టముక్క అన్న అంటున్నారు. బస్సులో ఇంత పెద్దది ఎలా తేవాలి?

టెక్కలి రంగులు:

గోపురాన్ని చర్చికి అతికించొద్దు. విడి ముక్కగా కట్టి, రెండు ముక్కల్లోనూ ఎదురెదురుగా చిన్న అయస్కాంతాలు దించండి. అతికించేముందు ఏ వైపు ఆకర్షిస్తుందో చూసుకుని మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. అతుకు మీద ఒక రాతి దిమ్మ కప్పేలా ఉంటే ఎవరికీ తెలీదు. అడుగున 5 మి.మీ. సన్‌బోర్డ్ బేస్, అంచులు ఏటవాలుగా. గోపురం లోపల నాలుగు ఇనప నట్లు అతికిస్తే బల్ల కదిలినా పడిపోదు. పైన శిలువ మాత్రం అతికించకుండా పిన్ను మీద గుచ్చండి, ప్రయాణంలో ముందు విరిగేది అదే.

అట్టముక్క, శ్రీకాకుళం:

యాపిల్ పళ్ల అట్టపెట్టె తీసుకో, చుట్టూ పాత చీర ముక్కలు కుక్కు. థర్మకోల్ గుళికలు వద్దు, రంగుకి అంటుకుంటాయి. డిక్కీలో పెట్టకు, ఒళ్లో పెట్టుకునే కూర్చో. బస్ కాంప్లెక్సులో దిగి ఫోన్ చెయ్యి, బండి మీద వస్తాను. పెట్టె మాత్రం నువ్వే పట్టుకోవాలి.