పాత కంప్యూటర్ ప్రకటనల్లో ఆ వంటగది ఎందుకు?

నాగావళి_రాయగడ:

మా పెదమామయ్య జేకేపూర్ పేపర్ మిల్లులో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యారు. అమెరికాలో ఉన్న తమ్ముడు వచ్చినప్పుడల్లా తెచ్చిన కంప్యూటర్ పత్రికల్ని ట్రంకుపెట్టెలో దాచారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మిగతావాళ్లు ఇత్తడి సామాన్లు పంచుకున్నారు, పెట్టె నాకొచ్చింది. నాకేం బాధ లేదు.

వ్యాసాలు నాకు మింగుడుపడలేదు. ప్రకటనలు మాత్రం వదలబుద్ధి కావట్లేదు. 1977 నాటి యాపిల్ టూ ప్రకటన చూడండి. భర్త వంటగది బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని తెర మీద ఏదో గ్రాఫు చూస్తున్నాడు. వెనక భార్య వంటపనిలో ఉండి, ఆయన వైపు తిరిగి మురిసిపోతోంది. మా ఇంట్లో అయితే ముందు ఆ బల్ల ఖాళీ చెయ్యమంటారు. ఐబీఎం వాళ్లకి చార్లీ చాప్లిన్ వేషగాడు. కామడోర్ కంపెనీ విక్-20 కంప్యూటర్‌కి స్టార్ ట్రెక్ టీవీ సీరియల్ నటుడు విలియం షాట్నర్. రేడియో షాక్ వాళ్ల టీఆర్ఎస్-80కి ఏకంగా సైన్సు కథల రచయిత ఐజాక్ అసిమోవ్!

నేను పనిచేసే బడిలో వీటితో చిన్న ప్రదర్శన పెట్టాలని ఉంది. పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఏవి గోడకెక్కించమంటారు? అసలు వంటగదిలో ఆ యంత్రానికి ఏం పని?

పాత_ఫ్లాపీ (బల్లార్షా):

ఏం పనీ లేదండీ. ఇంటికి ఎందుకు కొనాలో చెప్పడానికి అమ్మేవాడి దగ్గరే గట్టి కారణం లేని రోజులవి. దీనికి పెద్దన్న ఒకటుంది. 1969లో నీమన్ మార్కస్ అనే ఖరీదైన దుకాణం తన కేటలాగులో హనీవెల్ కంపెనీ 'కిచెన్ కంప్యూటర్' పెట్టింది. ధర పదివేల డాలర్ల పైనే. వంటకాలు గుర్తుపెట్టుకుంటుందట. తెర లేదు, కీబోర్డు లేదు. స్విచ్చులు పైకీ కిందకీ వేసి, వెలిగే దీపాల్ని బట్టి జవాబు చదువుకోవాలి. అది నేర్చుకోవడానికి రెండు వారాల కోర్సు కూడా ధరలోనే! ఒక్కటైనా అమ్ముడుపోయిన దాఖలా లేదు.

మీ పిల్లలకి బొమ్మకంటే కింద చిన్నక్షరాలు చూపించండి, సరదా అంతా అక్కడే. యాపిల్ టూ 1,298 డాలర్లు. మెమరీ 4 కిలోబైట్లు. ఆ ధరలో తెర రాదు. మామూలు టీవీకి తగిలించుకోవాలన్నా మధ్యలో పెట్టే మాడ్యులేటర్ విడిగా కొనుక్కోవాలి. 1981లో ఐబీఎం పీసీ 1,565 డాలర్ల నుంచి మొదలు. ఆనాటి లెక్కన పదమూడు వేల రూపాయల పైమాటే, మన కస్టమ్స్ సుంకం కలపకుండా. ఇంతా పోస్తే 16 కిలోబైట్లు. ఫ్లాపీ డ్రైవు లేదు, మానిటర్ లేదు.

ఇంగ్లండు సింక్లెయిర్ కంపెనీవాడు ఇంకా ఘనుడు. 1980లో జెడ్ఎక్స్80, విడిభాగాల కిట్టు 79.95 పౌండ్లు, మెమరీ ఒకే ఒక్క కిలోబైటు. దాంతో చదరంగం ఆడటం దగ్గర్నుంచి విద్యుత్ కేంద్రం నడపడం దాకా ఏదైనా చెయ్యొచ్చని ప్రకటనలో రాశాడు. మీ పెట్టెలో అది ఉంటే తప్పక పెట్టండి.

బ్రష్షు_బాబాయి (పర్లాకిమిడి):

అమ్మా రాయగడ పాపా, నేను బోర్డులు రాసేవాణ్ణి. పర్లాకిమిడి, గుణుపురం, మీ రాయగడ, అటు బరంపురం దాకా గోడలు రాశాను. ఎరువులు, సబ్బులు, సినిమాలు అయ్యాక కంప్యూటర్ సెంటర్ల కాలం వచ్చింది. 1984లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం తెచ్చింది. మన చిన్న ఊళ్లకి ఆ గాలి తొంభైల్లో గానీ తగల్లేదు.

బొమ్మ వెయ్యమంటారు, వస్తువు ఎవరి దగ్గరా ఉండదు. సెంటర్ ఓనరు ఇలాంటి ఫారిన్ పత్రికలోంచి చింపిన కాగితం ఒకటి తెచ్చి ఇచ్చేవాడు. దాని మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, గోడ మీద పెద్ద గళ్లు గీసి, గడికి గడి దింపేవాణ్ణి. వంటగది, పెళ్లాం, కూరగాయలు ఉండేవి చూడు, అవన్నీ తీసెయ్యమనేవారు. వాటి బదులు నల్ల గౌను, నెత్తిన పలకలాంటి టోపీ, చేతిలో చుట్టిన సర్టిఫికెట్ పట్టుకున్న కుర్రాడు కావాలి. ఆర్నెల్ల కోర్సుకి గౌను ఏటి అని నేను అడగలేదు, అడుగు లెక్కన డబ్బులు కదా. కింద వరసగా అక్కడ నేర్పే ప్రోగ్రాముల పేర్లు: డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్. అవేంటో సెంటర్‌కొచ్చే తండ్రికి తెలియదు. ఆ కింద 'ఉద్యోగం గ్యారంటీ' అన్నది మాత్రం ఎర్రరంగులో, అన్నిటికంటే పెద్దగా ఉండాలి. అక్కడ మొగుడూ పెళ్లాల్ని మురిపించి మిషను అమ్మారు. ఇక్కడ తండ్రి బెంగ చూసి ఫీజు కట్టించుకున్నారు. మిషను ఎవడూ అమ్మలేదు. ఆ గ్యారంటీ రాయించినవాడే ఒకడు నా కూలి ఎగ్గొట్టి రాత్రికి రాత్రి బోర్డు పీకేశాడు, అది వేరే కథ.

నా మాట వింటే చాప్లిన్‌ది నడిమధ్యన పెట్టు. ఆ వేషగాడికి చేతిలో చిల్లిగవ్వ ఉండదు, మిషన్లంటే పడదు. ఐబీఎం అంటేనే జనం హడలిపోయే రోజుల్లో అతగాణ్ణి పట్టుకొచ్చి, ఇతనే వాడగా లేనిది మీరు వాడలేరా అన్నట్టు నిలబెట్టారు. బొమ్మ గీసే మనిషిగా చెబుతున్నాను, అంత తెలివైన ఎంపిక నేనింకోటి చూళ్లేదు. తెల్ల నేల, నల్ల కోటు, ఒక్క ఎర్ర గులాబీ. రోడ్డు అవతలినుంచి కూడా కనిపిస్తుంది.

పాత_ఫ్లాపీ (బల్లార్షా):

బాబాయి గారూ, ఆ గోడల ఫొటో ఏదైనా ఉందా? అమెరికా ప్రకటనలు ఇంటర్నెట్‌లో కావలసినన్ని దొరుకుతాయి. మీ గౌను కుర్రాడు ఎక్కడా దొరకడు.

నాగావళి గారూ, అసలు పేజీలు గోడకి అంటించకండి. లామినేషన్ అసలొద్దు, చేశాక మళ్లీ తియ్యలేరు. స్కాన్ చేసి ప్రింటు పెట్టండి. నునుపు కాగితం చెమ్మ తగిలితే ఒకదానికొకటి అతుక్కుంటుంది, మీ వైపు వానలకి ట్రంకుపెట్టె నేలమీద ఉంచొద్దు. పిన్నులు తుప్పు పట్టి ఉంటే మెల్లగా విప్పి తీసెయ్యండి.

నాగావళి_రాయగడ:

సింక్లెయిర్‌ది వెతికాను, లేదు. 1984 నవంబరు న్యూస్‌వీక్ ప్రత్యేక సంచిక దొరికింది! అందులో ప్రకటన పేజీలన్నీ యాపిలే కొనేసిందట, ఎక్కడ తిప్పినా వాళ్ల మాకింటోష్ కంప్యూటరే. యాపిల్ వంటగది, ఐబీఎం చాప్లిన్, ఈ సంచిక, చాలు. నాలుగో చోటు బాబాయి గారి గోడకి. ఫొటో లేకపోయినా ఫరవాలేదు, మళ్లీ గీసిస్తారా? చార్టు, రంగులు మావే, కూలి ముందే ఇస్తాం.

బ్రష్షు_బాబాయి (పర్లాకిమిడి):

గుణుపురం గోడ ఫొటో ఒకటి ఉండాలి, మా చిన్నోణ్ణి వెతకమన్నాను. దొరక్కపోతే గీస్తాను. చార్టు వద్దు, రంగు పీల్చేస్తుంది. ప్లైవుడ్ చూడు. ఈలోగా మీ పిల్లలచేత పేర్లు రాయిస్తే ఒడియా వరస ముందు గీయించు, దానికి పైన ఒంపులకి ఎత్తు కావాలి. తెలుగుకి కింద వత్తులకి జాగా వదలమను.