రోడ్ సేఫ్టీ డబ్బు ప్రమాదాలు జరిగిన చోటే ఖర్చు పెట్టాలా, జరగకముందే పెట్టాలా?

మైలురాయి

ఇక్కడ రోడ్డు పనులు చూసినవాళ్ళు, లెక్కలు తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. ప్రభుత్వాలు రోడ్ సేఫ్టీకని ఇచ్చే డబ్బులో చాలా భాగం బ్లాక్ స్పాట్లకే పోతుంది, అంటే ముందు అక్కడ మనుషులు పోవాలి, ఆ కేసులు రికార్డుకెక్కాలి, అప్పుడు గానీ ఎస్టిమేట్ వెయ్యరు. ఇండియాలో నేషనల్ హైవే మీద ఒక చోటు బ్లాక్ స్పాట్ అనిపించుకోవాలంటే సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్ళలో ప్రాణం పోయిన లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 5 జరగాలి, లేకపోతే మొత్తం 10 మంది చనిపోవాలి. నాలుగే జరిగితే? అసలింకా ఒక్కటీ జరగకపోతే?

మా బాబాయి కొడుకు పోయింది అలాంటి చోటే. ఒకే రోడ్డు మీద మూడు కిలోమీటర్ల దూరంలో రెండు మలుపులు, రెండూ ఒకే వైపు తిరుగుతాయి, రెండిటికీ బయటి అంచున పల్లం ఉంది. మొదటి మలుపులో అంతకుముందు వరసగా బండ్లు పడ్డాయని బాణం గుర్తుల బోర్డులు, క్రాష్ బ్యారియర్, అంచున తెల్ల గీత అన్నీ వేశారు. రెండో మలుపులో అప్పటిదాకా ఎవరూ పోలేదు కాబట్టి ఏమీ వెయ్యలేదు. వాడు రాత్రిపూట బైక్ మీద మొదటిది బాగానే దాటాడు, రెండోదాంట్లో నేరుగా పల్లంలోకి వెళ్ళిపోయాడు. తర్వాత నేను పగలు వెళ్ళి రెండు చోట్లా నిలబడి చూశా, బోర్డులు తప్ప ఇంకే తేడా నాకు కనిపించలేదు.

నా వాదన ఒకటే, సేఫ్టీ డబ్బులో కనీసం సగం ఇంకా ప్రమాదం జరగని చోట్లకి ఇవ్వాలి. స్వీడన్ పార్లమెంటు 1997లో విజన్ జీరో, అంటే రోడ్డు మీద ఎవరూ చనిపోకూడదు, తీవ్రంగా గాయపడకూడదు అనే లక్ష్యం ఒప్పుకుంది, ఆ మరుసటి ఏడాదే 13 మీటర్ల వెడల్పున్న రోడ్లని 2+1 రోడ్లుగా మార్చడం మొదలెట్టారు, అంటే మూడు లేన్లు చేసి ఎదురెదురు బండ్ల మధ్య స్టీల్ తాళ్ళ బ్యారియర్ కట్టడం. ఏ కిలోమీటర్ దగ్గర ఎంతమంది పోయారని ఒక్కో చోటూ ఏరుకుంటూ కూర్చోలేదు, ఈ రకం రోడ్డే ఎదురెదురు ఢీకొనడానికి దారి తీస్తోందని మొత్తం రోడ్డునే మార్చుకుంటూ పోయారు. అలా మార్చిన రోడ్ల మీద చావులు నాలుగింట మూడొంతులకు పైగా తగ్గాయి. దేశం మొత్తంలో 1997లో 541 మంది చనిపోతే 2020లో 204 మంది.

సైట్ ఇంజనీర్

మైలురాయి గారూ, ముందు మీ తమ్ముడి విషయానికి చాలా బాధగా ఉంది. పద్నాలుగేళ్ళుగా రోడ్డు పనుల్లో ఉన్నా, అలాంటి రెండో మలుపులు నేనూ చూశా.

కానీ సగం డబ్బు ఇంకా ఏమీ జరగని చోట్లకి అంటే నేను ఒప్పుకోలేను. డబ్బు ఎప్పుడూ చాలదు. ఎక్కడ పెడితే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయో అక్కడే పెట్టాలి, అది ఎక్కడో చెప్పడానికి మన దగ్గరున్న గట్టి ఆధారం జరిగిన ప్రమాదాలే. ఆస్ట్రేలియాలో కేంద్ర ప్రభుత్వం బ్లాక్ స్పాట్ ప్రోగ్రామ్ 1996 నుంచి నడుస్తోంది, 2012లో వాళ్ళ రవాణా పరిశోధన సంస్థే లెక్కగట్టి చూస్తే పనులు చేసిన చోట్ల జనం చనిపోయిన, గాయపడిన ప్రమాదాలు 30 శాతం తగ్గాయి, రౌండబౌట్లు కట్టిన చోట ఇంకా ఎక్కువ. ఇది కాగితం మీద అంచనా కాదు, చేసి చూసిన ఫలితం.

ఇంకో మాట. ప్రమాదం లేని చోట పని అడిగితే పైన కూర్చున్నవాళ్ళు వేసే మొదటి ప్రశ్న, ఇక్కడే ఎందుకు, వేరే చోట ఎందుకు కాదు అని. దానికి జవాబు లేకపోతే ఆ పని పలుకుబడి ఉన్నవాళ్ళ ఇంటి ముందు రోడ్డుకి పోతుంది. జరిగిన ప్రమాదాల లెక్క కనీసం ఆ దారి మూసేస్తుంది.

లెక్కల టీచర్

ఆ 30 శాతం లాంటి అంకెలు చూసినప్పుడు ఒక జాగ్రత్త అవసరం సార్, మీరు చెప్పిన రిపోర్ట్ గురించి కాదు, మామూలుగా చెప్తున్నా. ఒక చోట మూడేళ్ళలో ప్రమాదాలు ఎక్కువ జరిగాయంటే అందులో కొంత ఆ చోటు తప్పు, కొంత ఆ మూడేళ్ళ దురదృష్టం. పిల్లలకి నేను పాచికలతో చూపిస్తా. క్లాసులో నలభై మంది చేత తలా ఒక పాచిక వేయించి ఆరు పడిన వాళ్ళని నిలబెడతా, వాళ్ళ చేతికి ఎర్ర దారం కట్టి మళ్ళీ వెయ్యమంటా, దాదాపు అందరికీ తక్కువే పడుతుంది. దారం పనిచేసిందా? లేదు కదా. బాగా చెడ్డగా ఉన్నవాటినే ఏరితే ఏమీ చెయ్యకపోయినా మరుసటి ఏడాది అవి కాస్త మెరుగ్గానే కనిపిస్తాయి.

బ్రిటన్‌లో స్పీడ్ కెమెరాల ప్రోగ్రామ్ మీద 2005లో వచ్చిన నాలుగేళ్ళ రిపోర్ట్ లో ఈ గొడవే వచ్చింది. పైకి కనిపించిన తగ్గుదలలో కొంత భాగం కెమెరా వల్ల కాదు, ఇలా లెక్క దానంతటదే మామూలు స్థాయికి రావడం వల్లే అని రిపోర్ట్ అనుబంధంలోనే రాశారు. అంటే కెమెరాలు పనికిరావని కాదు, పనిచేశాయి, కానీ ముందు అనుకున్నంత కాదు. అందుకని ముందూ వెనకా లెక్క ఒక్కటే చూసి డబ్బు పంచకండి, పని చెయ్యని అలాంటి చోట్లతో పోల్చి చూడండి. ఇంకోటి, ట్రాఫిక్ తక్కువున్న రోడ్ల మీద ప్రమాదాలు చెదురుమదురుగా జరుగుతాయి, ఈ ఏడు ఈ మలుపులో, వచ్చే ఏడు ఇంకో మలుపులో. అక్కడ బ్లాక్ స్పాట్ వెనక పరిగెత్తడం అంటే పిడుగు పడిన చెట్టు కిందే మళ్ళీ గొడుగు పట్టుకుని నిలబడటం లాంటిది. మైలురాయి గారి రెండో మలుపు సరిగ్గా ఇదే.

కాలినడక

మీరందరూ బండ్ల గురించే మాట్లాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 రిపోర్ట్ ప్రకారం ఏటా దాదాపు 11 లక్షల 90 వేల మంది రోడ్ల మీద చనిపోతున్నారు, అందులో సగానికి పైగా నడిచేవాళ్ళు, సైకిళ్ళ వాళ్ళు, టూ వీలర్ల వాళ్ళు. 5 నుంచి 29 ఏళ్ళ వయసు వాళ్ళని అన్నిటికన్నా ఎక్కువగా చంపుతున్నది రోడ్డే. మరి సేఫ్టీ ఫండ్ ఎటు పోతోంది? ఫ్లైఓవర్, అండర్ పాస్, రోడ్డు వెడల్పు. వెడల్పు చేస్తే బండి ఇంకా జోరుగా పోతుంది, దాటాల్సిన ముసలావిడకి ఇంకో రెండు లేన్లు ఎక్కువవుతాయి.

అమెరికాలో 2021 చట్టంలో ఒక రూల్ పెట్టారు, ఏదైనా రాష్ట్రంలో రోడ్డు చావుల్లో నడిచేవాళ్ళు, సైకిళ్ళ వాళ్ళ లాంటి వాళ్ళు 15 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ రాష్ట్రం తన హైవే సేఫ్టీ ఫండ్ లో కనీసం 15 శాతం వాళ్ళకోసమే పెట్టాలి. నాకు 15 కూడా తక్కువే అనిపిస్తుంది, చావుల్లో ఎంత వాటా ఉంటే డబ్బులో అంత వాటా ఉండాలి. కానీ రూల్ అనేది ఒకటుంటే కనీసం అడగొచ్చు.

రాత్రి డ్యూటీ

రోడ్డు ఎంత బాగు చేసినా తాగి నడిపేవాణ్ణి, హెల్మెట్ పెట్టుకోనివాణ్ణి బోర్డు ఆపదు. ఫ్రాన్స్ లో 2002లో ఏడు వేలకు పైగా చనిపోయేవాళ్ళు, 2003 చివర్లో ఆటోమేటిక్ స్పీడ్ కెమెరాలు మొదలెట్టి తాగి నడిపే కేసుల్లో గట్టిగా పట్టుకున్నారు, 2010కి నాలుగు వేల లోపుకి వచ్చింది. అంతా కెమెరాల పుణ్యమే అనను, కానీ అన్నేళ్ళలో రోడ్లన్నీ తవ్వి కొత్తగా వెయ్యలేదు కదా. సగటు స్పీడ్ ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు నాలుగు శాతం పెరుగుతాయని అదే ఆరోగ్య సంస్థ చెప్తుంది. నాకైతే మొదటి వాటా రూల్స్ అమలుకే ఇవ్వాలి. చలాన్ల డబ్బు కూడా నేరుగా సేఫ్టీ ఫండ్ లోకే రావాలి.

లెక్కల టీచర్

చలాన్ల డబ్బు నేరుగా ఇవ్వడం బ్రిటన్‌లో 2000లో మొదలెట్టి 2007లో ఆపేశారు. కెమెరాల ఖర్చు ఫైన్ల డబ్బులోంచే తీసుకోమంటే ఇది సంపాదనకే పెట్టారని జనానికి అనుమానం వచ్చేస్తుంది, పైగా ఆ డబ్బు కెమెరాకి తప్ప జీబ్రా క్రాసింగ్ కి పనికి రాదు. తర్వాత దాన్ని మామూలు రోడ్ సేఫ్టీ గ్రాంటుగా మార్చారు. అందరూ రూల్స్ పాటించి చలాన్లు పడిపోతే సేఫ్టీ పనులు ఆగిపోవాలా చెప్పండి?

పాత ఆడిటర్

రోడ్ సేఫ్టీ ఆడిట్లు చేసి రిటైరైనవాణ్ణి. డబ్బు ఎక్కడ పెట్టాలి అన్న దానికన్నా పెట్టింది నిలుస్తుందా అన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం.

ఆడిట్ కి పగలు ఒకసారి, రాత్రి ఒకసారి తిరగాలి. పగలు చూస్తే బోర్డు నిలువునా ఉంటుంది, బాగుంది అని రాస్తారు. రాత్రి హెడ్ లైట్ వేసుకుని అదే బోర్డు ముందుకి వస్తే మొద్దు నలుపు, ఏమీ వెలగదు. దిగి గుడ్డతో తుడిస్తే సగం మెరుస్తుంది, మిగతా సగం రిఫ్లెక్టివ్ షీట్ ఎండకి పొక్కులొచ్చి ఊడిపోయి ఉంటుంది. రోడ్డు గీత కూడా అంతే, పెయింట్ లో కలిపే గాజు పూసలు ఉన్నన్నాళ్ళే అది రాత్రి కనిపిస్తుంది, టైర్ల కింద అవి రాలిపోతే వాన రాత్రి గీత మాయం. వేసిన రోజు ఫోటో ఫైల్లో ఉంటుంది, బిల్లు అయిపోయి ఉంటుంది. సేఫ్టీ గ్రాంట్లు ఎక్కువగా కొత్త పనికి ఇస్తారు, నిర్వహణకి కాదు. నిర్వహణ బడ్జెట్ వేరే పద్దు కింద ఉంటుంది, అక్కడ ముందు గుంతలు పూడుస్తారు, బోర్డు తుడిచే వంతు చివరికి గానీ రాదు.

రెండోది, సేఫ్టీకని ఇచ్చిన డబ్బు పక్కకి మళ్ళడం. అమెరికాలో సేఫ్టీ ప్రోగ్రామ్ లో కేంద్రం మామూలుగా 90 శాతం ఖర్చు ఇస్తుంది, అయినా రాష్ట్రాలు ఆ ఫండ్ లో సగం దాకా వేరే హైవే పద్దులకి మార్చుకోవడానికి చట్టమే ఒప్పుకుంటుంది. ఎక్కడైనా సరే సేఫ్టీ ఫండ్ కి తాళం వెయ్యకపోతే అది కొత్త రోడ్డుకి పోతుంది, కొత్త రోడ్డుకి రిబ్బన్ కట్ చేస్తారు, మలుపులో అంచు గీతకి ఎవరు చేస్తారు.

కాలినడక

ఆడిటర్ గారూ మీరు చెప్పిన దానికి ఇంకోటి కలపాలి, చిన్న ఊళ్ళ స్థానిక సంస్థలకి ఈ గ్రాంట్ అడగడమే చేతకాదు. ప్రమాదాల డేటా ఉండదు, అప్లికేషన్ రాసే మనిషి ఉండడు. అమెరికాలోనే అదే 2021 చట్టం కింద ఐదేళ్ళకి 5 బిలియన్ డాలర్లు రాష్ట్రాలకి కాకుండా నేరుగా నగరాలకి, కౌంటీలకి, గిరిజన ప్రభుత్వాలకి ఇచ్చే ప్రోగ్రామ్ పెట్టి, అందులో కనీసం 40 శాతం ముందు ప్లాన్ తయారు చేసుకోవడానికే అని రాశారు. డబ్బంతా ప్లాన్ల కాగితాలకే పోతుందని తిట్టినవాళ్ళూ ఉన్నారు. కానీ ప్లాన్ లేనివాడికి పని డబ్బు ఎప్పటికీ రాదు.

మైలురాయి

సైట్ ఇంజనీర్ గారూ, పలుకుబడి ఉన్నవాళ్ళ ఇంటి ముందుకి పోతుంది అన్న మాట మీద రాత్రంతా ఆలోచించా, అది నిజమే, ఒప్పుకుంటున్నా. సగం అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నా. కానీ బ్లాక్ స్పాట్ కాకపోతే పలుకుబడి, ఈ రెండే దారులా? రెండో మలుపు ప్రమాదకరం అని ఎవరూ చనిపోకుండానే కొలిచి చెప్పడానికి మార్గం లేదా?

సైట్ ఇంజనీర్

ఉంది, లెక్కల టీచర్ గారి పాచికలు చదివాక నేనూ కాస్త మెత్తబడ్డానని చెప్పాలి.

మలుపు ఎంత వంపో కొలవచ్చు, రోడ్డు మీద బండ్లు నడిచే స్పీడ్ ఎంత, ఆ మలుపులో క్షేమంగా పోగలిగే స్పీడ్ ఎంత, ఆ తేడా తీయొచ్చు. బయట పల్లం ఉందా, చెట్టుందా, అంచున ఎంత జాగా ఉందో చూడొచ్చు. ప్రమాదాల రికార్డు ఒక్కో మలుపుకి కాకుండా రోడ్డు మొత్తానికి కలిపి తీస్తే, ఈ రోడ్డు మీద చావులు ఎక్కువగా ఫలానా రకం మలుపుల్లో జరుగుతున్నాయి అని తేలుతుంది. అప్పుడు ఆ రకం మలుపులన్నీ లిస్టులోకి వస్తాయి, అక్కడ ఎవరైనా పోయారా లేదా అన్నదాంతో పని లేదు. ఎవరి ఇంటి ముందు అన్నదాంతోనూ పని లేదు, కొలత చెప్పింది కాబట్టి. పెద్ద ఖర్చు కూడా కాదు, అంచు గీత వెడల్పు చెయ్యడం, బాణం బోర్డులు, రంబుల్ స్ట్రిప్స్, అంటే చక్రం ఎక్కితే గడగడమని అదిరించే గాట్లు. ఊళ్ళ బయటి రెండు లేన్ల రోడ్డు మీద మధ్య గీత వెంట రంబుల్ స్ట్రిప్స్ వేస్తే ఎదురెదురు బండ్లు గుద్దుకుని గానీ రాసుకుని గానీ జనం చనిపోయిన, గాయపడిన ప్రమాదాలు 44 శాతం తగ్గాయని అమెరికాలో 2009లో తేల్చారు, అదీ లెక్కల టీచర్ గారు చెప్పిన జాగ్రత్తలు తీసుకునే. ఒక్క ఫ్లైఓవర్ డబ్బుతో ఎన్ని కిలోమీటర్లు చెయ్యొచ్చో లెక్కేసుకోండి.

నా పంపకం అయితే, పెద్ద జంక్షన్లకి బ్లాక్ స్పాట్ పద్ధతే ఉంచుతా, అక్కడ ప్రమాదాలు నిజంగా ఒకే చోట పోగవుతాయి. మిగతా రోడ్డుకి మూడో వంతు డబ్బు ఈ కొలత పద్ధతిలో. ఆడిటర్ గారు చెప్పిన నిర్వహణ మొదటి ఎస్టిమేట్ లోనే ఐదేళ్ళకి కలిపి రాయాలి, విడిగా అడిగితే రాదు.

రాత్రి డ్యూటీ

మూడో వంతుకి నేను ఒప్పుకోను, అమలుకి ఇందులో ఏమీ మిగల్లేదు. కానీ మలుపులో పడేవాళ్ళందరూ తాగినవాళ్ళు కాదన్నది నిజం. రాత్రి డ్యూటీలో మేము పల్లంలోంచి పైకి తీసినవాళ్ళలో డ్యూటీ దిగి నిద్ర కళ్ళతో ఇంటికెళ్ళేవాళ్ళు చాలామంది.

మైలురాయి

వాడూ డ్యూటీ దిగే వస్తున్నాడు అన్నా.

ఇంజనీర్ గారూ, ఆ మలుపు గురించి అధికారులకి పెట్టే అర్జీలో నేను ఇప్పటిదాకా రెండో మలుపు దగ్గర బోర్డులు పెట్టండి అనే రాశా. ఆ లైను ఎలా మార్చాలో చెప్తారా?

సైట్ ఇంజనీర్

మలుపు పేరు తీసెయ్యండి. ఇలా రాయండి, "ఈ రోడ్డు మీద మొదటి మలుపుతో సమానంగా గానీ అంతకన్నా ఎక్కువగా గానీ వంపు ఉండి, బయటి అంచున పల్లం ఉన్న మలుపులన్నిటికీ బాణం బోర్డులు, అంచు గీత, బ్యారియర్ మొదటి మలుపులో ఉన్నట్టే వేయాలి, ఐదేళ్ళ నిర్వహణతో సహా." కింద మలుపుల లిస్టు, కిలోమీటర్ నంబర్లతో. రెండు మలుపులూ ఒకే కొలత అని మీకు కంటితో తెలిసింది, టేపుతో కొలిచి రాయండి. ఎలా కొలవాలో రేపు ఇక్కడే బొమ్మ గీసి పెడతా.