జానీ లీవర్‌ని హిందీ సినిమా వాడుకుందా, వాడి పారేసిందా?

సెకండ్‌షో_సుబ్బు:
నిన్న రాత్రి టీవీలో ‘బాజీగర్’ (1993) వస్తుంటే మధ్యలోంచి చూశాను. షారుఖ్ పగ తీర్చుకోవడానికి తనని నమ్మిన అమ్మాయినే మేడ మీంచి తోసేస్తాడే, అది. అందులో మతిమరుపు నౌకరు బాబూలాల్‌గా కమెడియన్ జానీ లీవర్. కథకీ అతనికీ పెద్దగా సంబంధం లేదు, అతని సీన్లన్నీ కత్తిరించినా కథ చెక్కుచెదరదు. అయినా పొద్దున పళ్లు తోముకుంటుంటే గుర్తొచ్చింది అతనే. నా గొడవంతా అక్కడే. ఇంత సత్తా ఉన్న మనిషిని ఇన్నేళ్లుగా ఆకు చివర ఊరగాయలా వడ్డించారు తప్ప ఒక్కసారైనా విస్తరి మధ్యలో పెట్టారా? వందల సినిమాలు, ‘దీవానా మస్తానా’కి ఒకటి, ‘దుల్హే రాజా’కి ఒకటి, రెండు ఫిల్మ్‌ఫేర్‌లు. సరే, ఒప్పుకున్నా. అతను లేకపోతే ఆగిపోయే కథ ఒక్కటి చెప్పండి. హిందీ వాళ్లు అతన్ని వాడుకోలేదు, వాడి పారేశారు.

కనిగిరి_కుర్రోడు:
సుబ్బు గారూ, ఊరగాయ లేకుండా మీకు ముద్ద దిగుతుందా? మాది కనిగిరి, కాబట్టి పక్షపాతం ఉందంటారు, ఉంది. జానీ లీవర్ అసలు పేరు జాన్ ప్రకాశరావు, 1957లో పుట్టింది మా ఊళ్లోనే. పెరిగింది బొంబాయిలో, ధారావి వైపు. ఇంట్లో డబ్బుల్లేక ఏడో తరగతితో బడి మానేసి రోడ్ల మీద హీరోల్లా మాట్లాడుతూ, డాన్సులేస్తూ పెన్నులు అమ్మాడు. సినిమాల్లో చెప్పుకోడానికి చుట్టం అనేవాడు ఒక్కడు లేడు. పారేశారంటారేంటండీ, పారేసేవాళ్లయితే 2017లో ‘గోల్‌మాల్ ఎగైన్’ దాకా పిలిచి మరీ ఎందుకు పెట్టుకుంటారు?

మ్యూట్_బటన్:
ఊరి అభిమానం పక్కన పెడదాం. నాకు అతని కామెడీ సగం పైగా అరుపులే. కళ్లు గుండ్రంగా తిప్పడం, మెడ ముందుకు సాచడం, గొంతు కీచుగా పెట్టడం, అంతే. తొంభైల్లో హిందీ కామెడీ ట్రాకుల్లో నవ్వు దేని మీద పుట్టేదో చూడండి. ‘జుదాయి’ (1997) మన ‘శుభలగ్నం’కి రీమేకే కదా, దాంట్లో ఉపాసనా సింగ్ పాత్ర ‘అబ్బా డబ్బా జబ్బా’ తప్ప ఇంకో ముక్క మాట్లాడదు, జానీ లీవర్ ట్రాకంతా ఆమె చుట్టూనే. మాట సరిగ్గా రాని మనిషిని చూసి థియేటర్ మొత్తం నవ్వింది, చిన్నప్పుడు నేనూ నవ్వాను, ఇప్పుడు మా పాపతో కలిసి చూడలేను. రాసినవాళ్లది తప్పు, అతనిది కాదు అంటారేమో. ఒకటి రెండు సినిమాలైతే అనొచ్చు. అన్నేళ్లు అదే చేస్తే?

వర్లీ_చాళ్:
బొంబాయి తెలుగువాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి. మా నాన్న మిల్లులో చేసేవాడు. ఇంట్లో ఒక టూ ఇన్ వన్ ఉండేది, దాని మూత విరిగిపోతే క్యాసెట్ పెట్టి పైన అగ్గిపెట్టె అదిమి పట్టుకోవాలి. అందులో అరిగిపోయేదాకా వేసిన క్యాసెట్ జానీ లీవర్ ‘హసీ కే హంగామే’. అప్పటికి సినిమాల్లో అతను పెద్ద పేరేం కాదు. మొహం కనబడదు, తిప్పడానికి కళ్లు లేవు, సాచడానికి మెడ లేదు, వట్టి గొంతు మాత్రమే. చాళ్‌లో, అంటే మేం ఉండే వరస గదుల ఇళ్లలో, పక్క గదుల వాళ్లు కూడా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడేవారు. కాబట్టి మ్యూట్_బటన్ గారూ, అరుపులే అనేది అతని అసలు పని చూడనివాళ్ల మాట.

అతనికి ఆ పేరు ఎలా వచ్చిందో చూడండి. వాళ్ల నాన్న పనిచేసిన సబ్బుల కంపెనీ హిందుస్థాన్ లీవర్‌లోనే తనూ కూలి పనికి చేరాడు. డ్రమ్ములు మోసేవాడు. కంపెనీ ఫంక్షన్‌లో పై ఆఫీసర్లను ఒక్కొక్కరిని అచ్చు దించేశాడు. కార్మికులే ‘జానీ లీవర్’ అని పేరు పెట్టారు. రోజూ తమని గదమాయించే సార్లను తమలో ఒకడు స్టేజీ మీద నిలబెట్టేస్తే ఆ జనం ఎలా నవ్వి ఉంటారో మిల్లు ఇళ్లలో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. 1981లో ఉద్యోగం మానేశాడు. సంగీత దర్శకులు కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ షోలతో ఊళ్లు తిరిగాడు, 1982లో సునీల్ దత్ ‘దర్ద్ కా రిష్తా’లో వేషం ఇచ్చాడు.

నా బాధ ఇద్దరిదీ కాదు. స్టేజీ మనిషికి జనాన్ని లాగడానికి పది నిమిషాలు కావాలి. మెల్లగా మొదలెట్టి, ఒక మనిషిని నిలబెట్టి, అప్పుడు కొడతాడు. సినిమా అతనికి ఇచ్చింది పాటకీ ఫైటుకీ మధ్య నిమిషంన్నర. నిమిషంన్నరలో నవ్వించి పొమ్మంటే ఎవడైనా అరుస్తాడు.

సెకండ్‌షో_సుబ్బు:
నిమిషంన్నర మాట బాగుంది, అదే నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది. ఇంకోటి, నా సవాలుకి జవాబు నేనే ఇచ్చుకుంటున్నాను. రాంగోపాల్ వర్మ శిష్యుడు ఈ. నివాస్ తీసిన ‘లవ్ కే లియే కుఛ్ భీ కరేగా’ (2001) మర్చిపోయాను. సినిమా హీరో అయిపోవాలని పిచ్చి ఉన్న డాన్ అస్లం భాయ్. అందులో సైఫ్, ఫర్దీన్, ఆఫ్తాబ్ ఉన్నారు, నాకు గుర్తున్నది అస్లం భాయ్ ఒక్కడే. నటన రాని నటుణ్ణి నటించడం మామూలు విషయం కాదు. కానీ అలాంటిది ఎన్నిసార్లు దొరికింది? దాంతో నా కేసు ఇంకా బలపడింది.

మ్యూట్_బటన్:
అస్లం భాయ్ ఒప్పుకుంటాను. అతను అరవడు దాంట్లో, తనని తాను సీరియస్‌గా తీసుకుంటాడు, అందుకే నవ్వొస్తుంది.

ఇంటర్వెల్_సమోసా:
అందరూ డైరెక్టర్లని తిడుతున్నారు, అసలు కుర్చీయే పోయింది కదా. గోవిందా, తర్వాత అక్షయ్ కుమార్ లాంటి హీరోలే కామెడీ చేసేస్తుంటే పక్కన విడిగా కమెడియన్ ఎందుకు? ఫిల్మ్‌ఫేర్ వాళ్లు కామెడీ నటుడి అవార్డు 2007 తర్వాత ఎత్తేశారు. మనవాళ్లు నయం, ‘దూకుడు’ (2011)లో కథలో సగం బరువు బ్రహ్మానందం మీదే వేశారు, అరవై దాటాక ‘రంగమార్తాండ’ (2023)లో ఏడిపించే పాత్ర కూడా ఇచ్చారు. జానీ లీవర్ తెలుగులోనే ఉండిపోయి ఉంటే...

కనిగిరి_కుర్రోడు:
ఇక్కడే ఉంటే డ్రమ్ములు ఎక్కడ మోసేవాడు బ్రో, లీవర్ పేరు ఎవడు పెట్టేవాడు? అయినా బ్రహ్మానందానికి కూడా ‘రంగమార్తాండ’ రావడానికి ముప్పై ఏళ్లు దాటింది. అక్కడి వాళ్లనొక్కళ్లనే అంటే ఎలా.

వర్లీ_చాళ్:
ఒక్క ముక్క చెప్పి పడుకుంటా. ‘కరణ్ అర్జున్’ (1995)లో అతని పాత్ర పేరు గుర్తుందా? లింగయ్య. రాజస్థాన్ ఠాకూర్ల పగల కథలో లింగయ్యకేం పనో ఆ డైరెక్టర్‌కే తెలియాలి. హాల్లో ఆ పేరు వినబడగానే మా నాన్న పక్క సీటు మరాఠీ ఆయన్ని మోచేత్తో పొడిచి ‘అప్‌నా ఆద్మీ హై’, మనవాడే అన్నాడు. ఆయనకి అర్థం కాలేదు. నాన్న మిగతా సినిమా అంతా లింగయ్య మళ్లీ ఎప్పుడొస్తాడా అని చూశాడు.