పశువుల చట్టాలలో ‘వధ’: ఒక్క మాట చాలునా?

విజయనగరం నుండి ఒక సభ్యురాలి ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. బ్రిటిషు కాలపు పశువ్యాధుల చట్టాలను, పురపాలక సంఘాల కబేళా నిబంధనలను విద్యార్థుల కోసం తెలుగులో సంగ్రహంగా రాస్తున్నాను. మూలంలో కిల్, స్లాటర్, డిస్ట్రాయ్ అనే మూడు క్రియలు కనిపిస్తున్నాయి. కబేళాను ‘పశువధశాల’ అనడం మనకు ఎలాగూ అలవాటే గనుక మూడింటికీ ‘వధించుట’ అని రాస్తే సరిపోతుందని నాతో కలిసి పనిచేస్తున్న మిత్రులు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు గాని, కారణం చెప్పలేకపోతున్నాను.

శ్రీకాకుళం నుండి ఒక సభ్యుని సమాధానం:

అమ్మా, మీ సందేహం సరైనదే. ఆ మూడు క్రియలు మూడు వేర్వేరు చట్టాలలో వేర్వేరు అవసరాల కోసం వచ్చాయి. అన్నింటికీ ఒకే మాట వాడితే ఏ చట్టం ఎవరి మీద ఏ భారం మోపిందో చదువరికి తెలియకుండా పోతుంది.

మొదట డిస్ట్రాయ్ సంగతి చూద్దాం. ఇది 1899 నాటి గ్లాండర్స్, ఫార్సీ చట్టంలో ప్రధానమైన క్రియ. ఈ రెండు పేర్లూ ఒకే సూక్ష్మజీవి వలన గుర్రాలకు వచ్చే జబ్బువే. ముక్కులోనూ ఊపిరితిత్తులలోనూ కనిపిస్తే గ్లాండర్స్ అనీ, చర్మం మీద పుండ్లుగా తేలితే ఫార్సీ అనీ పిలిచారు. మనుషులకు కూడా సోకే జబ్బు ఇది. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతంలో ఇన్‌స్పెక్టరు అనుమానం ఉన్న గుర్రాన్ని పట్టుకోవచ్చును. పశువైద్యుడు పరీక్షించి జబ్బు ఉన్నదని తేలిస్తే దానిని చంపించవలసిందే. ఆ చట్టం దృష్టిలో గాడిద, కంచరగాడిద కూడా గుర్రాలే. జట్కా మీద బతికే మనిషికి అది కూడు పోయినట్లే గాని, ఆ కళేబరం నుండి ఎవరికీ మాంసమూ లేదు, తోలూ లేదు. ఇటువంటి చోట ‘వధించుట’ అంటే, పశువధశాల అన్న మాట వెంట వచ్చే మాంసం, విక్రయం వంటి భావాలు అనవసరంగా వచ్చి చేరతాయి. పైగా కీచకవధ, జరాసంధవధ అని విని పెరిగిన మన చెవికి వధ అనగానే చచ్చినవాడిలో ఏదో తప్పు ఉన్నదనిపిస్తుంది. రోగం వచ్చిన గుర్రం చేసిన తప్పేమున్నది?

అయితే ఈ క్రియ గుర్రాల దగ్గరే ఎక్కువగా ఎందుకు ఆగిపోయిందన్నది ఇంతకంటె ఆసక్తికరమైన విషయం. 1865లో ఇంగ్లండులో ఆవులకూ ఎద్దులకూ సోకే ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) చెలరేగినప్పుడు, మరుసటి ఏడాది అక్కడ చేసిన చట్టం రోగం సోకిన పశువులను చంపించి తెగులును తుదముట్టించే దారి పట్టింది. అదే 1866లో మద్రాసు ప్రభుత్వం కూడా పశువ్యాధుల చట్టం ఒకటి చేసింది. అప్పటికి శ్రీకాకుళం గంజాం జిల్లాలోనూ, విజయనగరం విశాఖపట్నం జిల్లాలోనూ ఉండేవి గనుక మద్రాసు చట్టాలే మనకు వర్తించేవి. పశువుల తెగుళ్ళ మీద కేంద్ర ప్రభుత్వం వేసిన సంఘం 1871లో నివేదిక ఇచ్చింది. ఇంత జరిగినా, ఆవులనూ ఎద్దులనూ మందలుగా చంపించే పద్ధతిని ఈ దేశంలో విధానంగా చేపట్టలేదు. ఆవు మీద ఉన్న భక్తి ఒక కారణం. దుక్కిటెద్దు పోతే ఆ యేడు సేద్యమే లేదన్నది రెండవ కారణం. నా దృష్టిలో రెండవది మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు. అందుచేత ప్రభుత్వం టీకా వైపు మొగ్గింది. 1893లో కుమావూఁ కొండలలోని ముక్తేశ్వర్‌కు తరలిన పశువ్యాధుల పరిశోధనశాలలో మొదట ఈ తెగులును అడ్డుకొనే సీరం తయారైంది. 1920లలో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త మేకల ద్వారా బలహీనపరచిన వైరస్‌తో టీకా రూపొందించాడు. మద్రాసులో 1940లో ముసర వ్యాధి పేరుతోనే ప్రత్యేక చట్టం వచ్చింది. చివరకు 2011లో ఆ వ్యాధి ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. కనుక గుర్రం దగ్గర వాడిన క్రియనే మీరు ఎద్దు దగ్గర కూడా వాడితే, ఇక్కడ జరగని పని జరిగినట్లు విద్యార్థులు అనుకుంటారు.

స్లాటర్ అన్నది పురపాలక చట్టాల మాట. 1884, 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక చట్టాల క్రింద అమ్మకానికి మాంసం కోసే పని లైసెన్సుకూ, నియమిత స్థలానికీ, తనిఖీకీ లోబడింది. ఇక్కడ పశువు ఆరోగ్యంగా ఉండాలన్నదే షరతు. రోగం ఉన్నదని చంపడానికీ, రోగం లేదని నిర్ధారించుకొని చంపడానికీ ఒకే క్రియ ఎలా కుదురుతుంది? దీనికి ‘కోత’ అన్న మాట చక్కగా సరిపోతుంది. స్థలానికి మాత్రం కబేళా అనే రాయండి. ఉర్దూ నుండి వచ్చి స్థిరపడిన ఆ మాటను తొలగించి వధశాల అని పెట్టడం వలన కలిగే లాభమేమీ నాకు కనబడదు.

కిల్ అన్నది 1890 నాటి జంతుహింస నివారణ చట్టంలో ఉన్నది. అనవసరమైన క్రూరత్వంతో చంపడం నేరమని చెబుతూనే, మతాచారం కోరిన విధంగా చంపడానికి అది మినహాయింపు ఇచ్చింది. దీనికి ‘చంపుట’ చాలును.

బొబ్బిలి నుండి ఒక సభ్యుడు:

మాస్టారు చెప్పినది బాగున్నది. మా ఊళ్ళలో అయితే వధ అన్న మాటే వినబడదు. వేటను (మొక్కుబడి పోతును) కొడతారు, కోడిని కోస్తారు, రోగంతో పోయిన గొడ్డును పూడుస్తారు. మానాపురం సంతకు ఎడ్లను తోలుకొని వెళ్ళే రైతు కూడా ఈ మూడింటినీ పొరపాటున ఒకదానికొకటి వాడడు. అయితే నాదొక సందేహం. 1920 చట్టంలో పండుగలప్పుడు, ఉత్సవాలప్పుడు కబేళా బయట కూడా జంతువులను కోయడానికి అధికారి అనుమతి ఇవ్వవచ్చునన్న నిబంధన ఉన్నది. మూలంలో అక్కడ కూడా స్లాటర్ అనే ఉన్నది గదా. గ్రామదేవతల పండుగల ప్రాంతం మనది. మొక్కుబడి పోతును కోత అంటే ఇంటి పెద్దలు నొచ్చుకుంటారు, బలి అంటే చట్టం ఆ మాట అనలేదు. అక్కడ ఏమి రాయాలి?

శ్రీకాకుళం సభ్యుడు:

చట్టం ఆ సందర్భంలో భక్తి జోలికి పోకుండా స్థలాన్ని గురించి మాత్రమే మాట్లాడింది బాబూ. మొక్కు సంగతి ఆనాడు 1890 చట్టంలోని మినహాయింపు చూసుకునేది. కనుక, అమ్మా, ఆ నిబంధనను మీరు ‘పండుగలు, ఉత్సవాల సందర్భంలో అధికారి తగునని భావించిన చోట జంతువులను కోయుటకు అనుమతింపవచ్చును’ అని రాసి, అధోజ్ఞాపికలో మన వైపు దీనిని ‘వేట కొట్టడం’ అంటారని చేర్చండి. గ్లాండర్స్ చట్టం దగ్గర మాత్రం ‘చంపించి, కళేబరమును తొలగింపజేయుట’ అని పొడవుగానే ఉంచండి. అక్కడ రెండవ సగం పోతే మొదటి సగం వలన ప్రయోజనం లేదు. చంపిన గుర్రాన్ని దారిలో వదిలేస్తే రోగం అక్కడే ఉంటుంది.