గుండె వేగాన్ని 135 దగ్గర నిలిపి రోయింగ్ చేస్తే, పురోగతిని దేనితో కొలవాలి?

నోటుపుస్తకం (ప్రశ్న):

నా వయసు 46. రోయింగ్ మెషీన్ మీద 40 నిమిషాలు, గుండె వేగం నిమిషానికి 135 దాటకుండా చేస్తున్నాను. ఆ 135 లెక్క కట్టి తీసుకున్నదే. 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేస్తే నా గరిష్ఠ గుండె వేగం దాదాపు 176. ఉదయం లేవగానే చూసుకుంటే విశ్రాంతి వేగం 58. రెండింటికీ తేడా 118. అందులో 65 శాతం తీసుకుని 58కి కలిపాను.

చిక్కంతా రాసుకునే దగ్గరే. పది నిమిషాలయ్యేసరికి గుండె 135 చేరుతుంది. అప్పటికి 500 మీటర్ల స్ప్లిట్ (అంత దూరానికి పట్టే సమయం) 2:20. అక్కడినుంచి గుండెను నిలిపి ఉంచాలంటే బలం తగ్గించుకుంటూ పోవాలి, చివరికి స్ప్లిట్ 2:30కి వస్తుంది. రోయింగ్ వేగాన్నే పట్టుకుని కూర్చుంటే గుండె 148కి ఎక్కుతుంది. నేను మొత్తం దూరం, సగటు స్ప్లిట్ రాస్తున్నాను. ఒకరోజు దూరం పెరుగుతుంది, మర్నాడు తగ్గుతుంది. ఓర్పు పెరుగుతోందా లేదా అన్నది వాటిలో కనిపించడం లేదు. ఏళ్ల తరబడి చేయాలనుకుంటున్న వ్యాయామం ఇది, అందుకే లెక్క సరిగ్గా ఉండాలని పట్టుదల. ఏ అంకె రాయాలి?

పొద్దుటి రోవర్:

వాట్లు రాయండి. స్ప్లిట్‌ను మెషీన్ మీద చూడడానికి వాడుకోండి, పుస్తకంలోకి మాత్రం రానివ్వకండి.

కాన్సెప్ట్2 వంటి గాలి చక్రం మెషీన్లలో వేగం కొంచెం పెంచాలంటే శక్తి చాలా పెట్టాలి, ఎందుకంటే శక్తి వేగం యొక్క ఘనంతో (వేగం × వేగం × వేగం) పాటు పెరుగుతుంది. 2:20 స్ప్లిట్ అంటే సుమారు 128 వాట్లు. 2:30 అంటే 104. సమయంలో పది సెకన్లు, అంటే 7 శాతం తేడాగా కనిపించేది పనిలో 19 శాతం తగ్గుదల. దూరం మీద, స్ప్లిట్ మీద ఆధారపడితే అసలు మార్పు చిన్నదైపోతుంది. నెలకు నాలుగైదు వాట్లు పెరగడం మీ స్థాయిలో మంచి ఫలితం. అది స్ప్లిట్‌లో సుమారు రెండు సెకన్లే, రోజువారీ ఒడిదుడుకుల్లో కలిసిపోతుంది.

మొదటి పది నిమిషాల్లో గుండె ఇంకా పైకి ఎక్కుతూ ఉంటుంది కాబట్టి ఆ అంకెల్ని లెక్కలో కలపకండి. మిగిలిన 30 నిమిషాలను 15, 15గా విడదీసి, రెండింటికీ సగటు వాట్లు వేరువేరుగా రాయండి. మానిటర్‌లో 5 నిమిషాల భాగాలు పెట్టుకుంటే ఈ విభజన తేలిక. ఉదాహరణకు మొదటి సగం 124, రెండో సగం 114 అనుకుందాం. గుండె రెండు సగాల్లోనూ 135 దగ్గరే ఉంది కాబట్టి తగ్గుదల 8 శాతం. ఇది 5 శాతం లోపుకు వస్తే ఆ తీవ్రతకు మీ ఓర్పు సరిపోతోందని చాలామంది కోచ్‌ల లెక్క. మొదటి అంకె పెరగడం ఒక రకం పురోగతి, రెండు అంకెల మధ్య దూరం తగ్గడం ఇంకో రకం. మీ వయసులో నేనైతే రెండోదాన్నే ఎక్కువ గౌరవిస్తాను.

గుండె అదే వేగంలో ఉన్నా వాట్లు ఇలా జారడం ఎందుకంటే, చెమట వల్ల రక్తంలోని నీరు తగ్గుతుంది, వేడి వదిలించుకోవడానికి కొంత రక్తం చర్మం వైపు వెళ్తుంది. ఒక్కో చప్పుడుకు గుండె తోసే రక్తం తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి అది వేగం పెంచుతుంది. అందుకే ఫ్యాను ఉందా, గది ఎంత వేడిగా ఉంది అన్నవి తేదీ పక్కనే రాయాలి. అవి లేకుండా రెండు రోజుల్ని పోల్చడం అన్యాయం.

ఛాతీ పట్టీ:

పై జవాబుకు రెండు చేర్పులు. గుండె వేగాన్ని మణికట్టు గడియారంతో కొలుస్తుంటే ఆ అంకెల్ని నమ్మకండి. పిడిని బిగించి పట్టుకున్నప్పుడల్లా అక్కడి కండరాలు కదిలి సెన్సార్ పొరబడుతుంది. ఛాతీ పట్టీ వాడండి, కట్టే ముందు దాన్ని తడపండి.

రెండోది డ్రాగ్ ఫ్యాక్టర్, అంటే చక్రానికి గాలి ఎంత అడ్డుపడుతోందో మానిటర్ చూపే అంకె. డ్యాంపర్ (చక్రంలోకి వెళ్లే గాలిని సర్దే మీట) మీద 4 అన్నంత మాత్రాన రెండు మెషీన్లు ఒకటి కావు, లోపల దుమ్ము పేరుకున్నా ఆ అంకె మారిపోతుంది. వాట్ల లెక్కలో మానిటర్ దీన్ని సరిచేసుకుంటుంది, కానీ లాగేటప్పుడు మీ ఒంటికి తెలిసే బరువు మారుతుంది. మొదలుపెట్టే ముందు ఆ అంకె చూసి, రోజూ ఒకేచోట ఉంచండి.

నెమ్మది:

అన్నిటికన్నా ముందు ఆ 135నే ప్రశ్నించాలి. సూత్రాలు చెప్పేది సగటు. ఒకే వయసువాళ్ల గరిష్ఠాల్లో పది చప్పుళ్లు అటూ ఇటూ ఉండడం మామూలే. 135 దగ్గర పూర్తి వాక్యాలు ఆయాసం లేకుండా మాట్లాడగలుగుతున్నారా? లేకపోతే 128కి దిగండి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారికి ఈ సూత్రాలేవీ వర్తించవు, వారు తమ పరిమితిని వైద్యుల్ని అడిగే పెట్టుకోవాలి.

నోటుపుస్తకం:

మందులేమీ లేవు. మాట్లాడగలుగుతున్నాను, వాక్యాలు తెగడం లేదు. ఛాతీ పట్టీయే వాడుతున్నాను. ఈ వారం నుంచి రెండు సగాల వాట్లు, డ్రాగ్ ఫ్యాక్టర్, గది వేడి రాస్తాను. ఒక్క సందేహం మిగిలింది. 135 దాటగానే బలం తగ్గిస్తే కాసేపటికి 130కి పడిపోతోంది. మళ్లీ పెంచితే 139. దీన్ని ఎలా సర్దాలి?

పొద్దుటి రోవర్:

గుండె మీ పనికి వెంటనే స్పందించదు, అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా వెనకబడి ఉంటుంది. ప్రతి అంకెకూ స్పందిస్తే ఊగిసలాట తప్పదు. 132 నుంచి 138 వరకు దేన్నీ ముట్టుకోకండి. మూడు నిమిషాలకోసారి మాత్రమే చూసి, అవసరమైతే 3 వాట్లు తగ్గించండి. స్ట్రోక్ రేట్‌ను (నిమిషానికి ఎన్నిసార్లు లాగుతున్నారో ఆ లెక్కను) 20 దగ్గరే ఉంచి, కాళ్లతో తోసే బలాన్ని మాత్రమే మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే గుండె దేనికి స్పందించిందో తెలియదు.

మూడు వారాల అంకెలు చేరాక ఇక్కడ పెట్టండి, రెండు సగాల తేడాను కలిసి చూద్దాం.